ఊ కొట్టని తొమ్మిదిమంది

మా కాలేజీలో తెలుగు క్లాసు నిలబడిందంటే అందులో నా చెయ్యి ఉందని చాలాకాలం గొప్పలు చెప్పుకున్నాను. అబద్ధం కాదు, చెయ్యి ఉంది. ఆ చేత్తో ఏం రాశానో మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబితే పరువు పోతుంది. పోతే పోనీ, ఇన్నేళ్ళు దాన్ని మోసి మెడ నొప్పి పుట్టింది.

కొత్త ఒరిస్సా రాష్ట్రం వచ్చి కొన్నేళ్ళయింది. అంతవరకూ మా బరంపురానికి పరీక్ష పేపర్లు తెలుగుదేశం వైపు నుంచి వచ్చేవి. తరవాత కటకం వైపు నుంచి రావడం మొదలైంది. స్టేషను అదే, పట్టాలు అవే, పేపర్ల కట్ట మాత్రం ఎదురు దిక్కు బండిలోంచి దిగేది. ఈ మార్పులో మా తెలుగు క్లాసు ఎవరికీ అక్కర్లేని చుట్టంలా ఓ మూల గదిలో మిగిలింది. బి.ఏ.లో రెండో భాషగా తెలుగు తీసుకున్నవాళ్ళం తొమ్మిదిమందిమి. ఏడుగురు బజారులో బట్టలు, బెల్లం, చింతపండు టోకు వ్యాపారం చేసే వర్తకుల పిల్లలు. ఇంట్లో తెలుగు, కొట్లో ఒరియా, కోపం వస్తే రెండూ. ఎనిమిదోవాడు రైల్వే గుమాస్తా కొడుకు. తొమ్మిదోవాణ్ణి నేను, గిరిసోల దగ్గర పల్లెలో ఓ రైతు కొడుకుని.

నాకు ఒరియా మాట్లాడటం బాగానే వచ్చు, సంతలో ఎద్దుల బేరం చేసేంత. చదవడం, రాయడం రావు. సంస్కృతం పేరెత్తితే ఒళ్ళు వేడెక్కేది. అందువల్ల తెలుగు క్లాసు ఎత్తేస్తే నా బి.ఏ. కూడా ఎత్తేసినట్టే. ఇంటికెళ్ళి నాగలి పట్టుకోవాలి. నాగలి పట్టడంలో నామోషీ ఏముందని ఇప్పుడు ఎన్ని కబుర్లయినా చెప్పొచ్చు. అప్పుడు మాత్రం చచ్చేంత నామోషీ.

మాకు తెలుగు చెప్పే పంతులుగారు గోదావరి వైపు నుంచి వచ్చినవారు. ఛందస్సు, అలంకారాలు ఆయనకి మంచినీళ్ళ ప్రాయం. పెరట్లో అంట్లు తోమే మనిషితో కూడా గ్రాంథికంలోనే మాట్లాడతారని మేమే ఓ పుకారు లేవదీశాం. అది ఆయన చెవిన పడితే కోప్పడకపోగా కాస్త సంతోషించినట్టే కనిపించారు. మా వైపు యాస మీద ఆయనకి అంతులేని జాలి. నేను "ఏటండీ" అన్నప్పుడల్లా ఒక్క క్షణం కళ్ళు మూసుకునేవారు. మనిషి చెడ్డవాడు కాదు. ఇంటినిండా పిల్లలు, ఊరుకాని ఊళ్ళో ఉద్యోగం.

ఆ ఏడాది కొత్త యూనివర్సిటీ నుంచి ఓ ఉత్తరం వచ్చింది. పదిమంది కూడా లేని భాషా తరగతులు అవసరమా కాదా చూడటానికి శివరాత్రి వెళ్ళాక ఓ ఇన్‌స్పెక్టరు గారు వస్తారని దాని సారాంశం. ఉత్తరం చదివిన రోజు పంతులుగారు పాఠం చెప్పలేదు. మమ్మల్ని రెండుసార్లు లెక్కపెట్టారు. రెండుసార్లూ తొమ్మిదే వచ్చింది.

సరిగ్గా అప్పుడే మా ప్రిన్సిపాలు గారికి ఓ ఆలోచన పుట్టింది. ఆయన మదరాసులో చదివి వచ్చినవారు, పంట్లాం జారకుండా భుజాల మీదుగా పట్టీలు వేసుకునేవారు. విదేశాల్లో యూనివర్సిటీలు ఊరూరా తిరిగే కళాకారుల్ని క్లాసులోకి పిలిచి, పాఠాన్ని ప్రదర్శనతో ముడిపెడుతున్నాయని ఎక్కడో చదివారట. ఇన్‌స్పెక్టరు వచ్చేలోగా మన కాలేజీ కూడా ముడిపెట్టాలన్నారు. ప్రతి శాఖా ఒక కళాకారుణ్ణి పిలవాలి. కుర్రాళ్ళు ఆ ప్రదర్శన చూసి వ్యాసం రాయాలి. ఆ మార్కులు పరీక్షలో కలుస్తాయి. కాలేజీ అంతా ముడులు వేసే పనిలో పడింది.

ముందుగా ముడి వేసింది కెమిస్ట్రీ లెక్చరరు గారు. కొడల సంతలో దొరికిన ఓ గారడీవాణ్ణి పట్టుకొచ్చారు. వాడు గ్లాసులో తెల్లటి నీళ్ళు పోసి, మంత్రం చదివి, కర్ర తిప్పి, నీళ్ళని ఎర్రగా మార్చాడు. చేతులు జోడించి చప్పట్ల కోసం తల వంచాడో లేదో, లెక్చరరు గారు గబగబా బోర్డు దగ్గరికి వెళ్ళి అది ఎలా జరిగిందో సమీకరణంతో సహా రాసి చూపించారు. కుర్రాళ్ళు రాసుకున్నారు. గారడీవాడు బోర్డు కేసి, తన గ్లాసు కేసి కాసేపు చూసి, సీసాలు మూటకట్టుకుని, పెట్టిన ఉప్మా ముట్టకుండా వెళ్ళిపోయాడు. అనుసంధానం సంపూర్ణంగా జరిగిందని లెక్చరరు గారు నివేదిక ఇచ్చారు.

తరవాత వంతు ఒరియా శాఖది. వాళ్ళు ఖల్లికోట వైపు నుంచి దాసకాఠియా జంటని పిలిచారు. మా గంజాంలో దాసకాఠియా తెలియనివాడు ఉండడు. చేతుల్లో చెక్క తాళాలు వాయిస్తూ ఇద్దరు కథ చెబుతారు. ఒకడు పాడతాడు. రెండోవాడు వంత అందుకుంటూ ఎదురుగా కూర్చున్న పెద్దమనుషుల్ని ఆటపట్టిస్తాడు. ఆటపట్టించకుండా వదిలేస్తే ఆ పెద్దమనిషి పెద్దమనిషి కాదన్నమాట. ఈ సంగతి మా ప్రిన్సిపాలు గారికి తెలియదు. కథలో రాక్షసరాజు సభకి వచ్చే ఘట్టం వచ్చింది. ఆ రాజు కిరీటం పెట్టుకున్నాడు, కత్తి కట్టుకున్నాడు, పొట్ట దిగజారకుండా భుజాల మీదుగా పట్టీలు బిగించుకున్నాడు అని రెండోవాడు పాడేశాడు. హాలు హాలంతా బల్లలు గుద్ది నవ్వింది. నేను నవ్వి నవ్వి బెంచీ కింద పడ్డాను.

మర్నాడు నోటీసు అంటించారు. ఇకమీదట ప్రదర్శన జరిగేటప్పుడు ఏ విద్యార్థి నోటినుంచీ ఎలాంటి శబ్దమూ రాకూడదు, వచ్చినవాడికి ఆ టరము హాజరు మొత్తం కొట్టేస్తారు, అంటే పరీక్షకి కూర్చోనివ్వరు. దాన్ని పంతులుగారు గ్రాంథికంలోకి మార్చి మా గది తలుపుకి కూడా అంటించారు. "ఎట్టి ధ్వనియు" అన్న మాట కింద గీత గీశారు.

ఇక మిగిలింది మా ముడి. పంతులుగారు విజయనగరం వైపు ఓ పెద్ద హరికథ విద్వాంసుడికి ఉత్తరం మీద ఉత్తరం రాశారు. పెళ్ళిళ్ళ రోజులు, తీరదని జవాబొచ్చింది. ఇన్‌స్పెక్టరు గారు రావడానికి పదిరోజులుంది. పంతులుగారు క్లాసులో కుర్చీలో కూలబడి, "మీ ప్రాంతమున ఎవ్వరును లేరా?" అన్నారు. బజారు పిల్లలందరూ వెనక్కి తిరిగి నాకేసి చూశారు. పల్లెటూరివాణ్ణి నేనొక్కణ్ణే కదా.

మా ఊళ్ళో జముకుల కథ చెప్పే ఆవిడ ఉందని చెప్పాను.

"జముకులా? అదే ఛందస్సు?" అన్నారు పంతులుగారు.

ఛందస్సు కాదని, వాయిద్యమని చెప్పాను. చిన్న కుంచం లాంటి గొట్టానికి ఒకవైపు తోలు మూసి, తోలు మధ్యనుంచి ఓ నరం లాగి కడతారు. ఆ నరాన్ని మీటితే జుం జుం అంటుంది. ఆయన కళ్ళు మూసుకున్నారు. కాసేపటికి తెరిచి, "తీసుకొని రమ్ము" అన్నారు.

కథలావిడకి యాభై దాటి ఉంటాయి. సన్నగా, పొడుగ్గా, నుదుట కాసంత బొట్టుతో ఉండేది. వాళ్ళన్న జముకు వాయించేవాడు. మా పల్లెల్లో చింతపండు పిక్కలు తీసే రోజుల్లో, కుప్ప నూర్పుల్లో ఆవిడ కథ లేనిదే ఆడవాళ్ళకి చెయ్యి ఆడేది కాదు. ఎవరింట్లో పని ఉంటే వాళ్ళు ముందుగా వచ్చి ఆవిడకి కబురు చెప్పుకునేవారు. మా అమ్మ అయితే ఆవిడ వచ్చే రోజు చూసుకుని చింతపండు దింపించేది.

నేను వెళ్ళేసరికి గుమ్మంలో కూర్చుని చాట అలుకుతోంది. సంగతంతా చెప్పాను. కటకం నుంచి పెద్దాయన వస్తున్నాడనీ, నీ కథ బాగుంటే మా తెలుగు క్లాసు ఉంటుందనీ, లేకపోతే నా చదువు ఇంతేననీ చెప్పాను.

"మన బాస సదువు తీసెత్తారేటి?" అంది. "అలగయితే వస్తాను బాబూ. ఇక్కడ సెప్పిన కతలు అక్కడ సెప్పను. మా యమ్మ నాకు ఇడిసిపెట్టిన కతొకటుంది. ఉప్పోల కత. ఇంతవరకూ ఎవులికీ సెప్పలేదు. పెద్ద సదువులోలకి పెద్ద కత ఉండాల కదేటి."

నేను లేవబోతుంటే ఆపింది.

"ఒక్క మాట బాబూ. అక్కడ ఊ కొట్టీవోలు ఉంటారా?"

"ఉంటారు అత్తా. తొమ్మిదిమందిమి ఉన్నాం."

"అది సాలు. మా యమ్మ పద్దతేటంటే, ఊ లేకండా కత నడపకూడదు. మూడు మార్లు ఆగి సూస్తాను. మూడు మార్లూ ఊ రాలేదంటే ఇనీవోలు లేరని కత దించేత్తాను. గోడలకి సెప్పుకోడానికి కతెందుకు?"

నేను నవ్వాను. ఊ కొట్టడానికి తొమ్మిదిమంది బి.ఏ. విద్యార్థులు చాలరా అనుకున్నాను. ఆ నిమిషాన తలుపు మీద గీత గీసిన నోటీసు నాకు గుర్తు రాలేదు. గుర్తొచ్చేసరికి రైల్లో ఉన్నాను. పంతులుగారికి చెప్పి నోటీసు సడలించమందామనుకున్నాను. ఆయన దగ్గరికి వెళ్ళి, "కథకి మధ్య మధ్య ఊ అనాలండీ" అన్నాను. "ప్రిన్సిపాలు గారి ముందరనా? ఇన్‌స్పెక్టరు గారి ముందరనా?" అని ఆయన అడిగిన తీరుకి, నేనేదో అశ్లీలం మాట్లాడినట్టు సిగ్గేసి బయటికొచ్చేశాను. రెండోసారి చెప్పలేదు. ఎలాగో ఒకలాగ జరిగిపోతుందిలే అనుకున్నాను.

ఇన్‌స్పెక్టరు గారు వచ్చిన రోజు మధ్యాహ్నం, భోజనాలయ్యాక మూడో పీరియడు. హాల్లో కుర్చీలు వరసగా వేశారు. ముందు వరసలో ఇన్‌స్పెక్టరు గారు, పక్కన ప్రిన్సిపాలు గారు, ఆ పక్కన పంతులుగారు. వాళ్ళ వెనక మేము తొమ్మిదిమందిమి, తలకో నోటుపుస్తకంతో. పంతులుగారు ముందురోజే మాచేత పుస్తకంలో మూడు గళ్ళు గీయించారు: అలంకారము, లక్షణము, ఉదాహరణము. ఆవిడ నోట్లోంచి అలంకారం పడగానే మేము దాన్ని పట్టుకుని గడిలో పెట్టాలి. పాఠానికీ ప్రదర్శనకీ ముడి అదే. ఆవిడకి కూడా విడిగా చెప్పారు: కథ తప్ప వేరే మాట అనకూడదు, ఎదుటివాళ్ళని పలకరించకూడదు, ప్రశ్నలు వేయకూడదు. ఆవిడ అన్నిటికీ తలూపి, నాకేసి చూసి చిన్నగా నవ్వింది. మనవాడు ఉన్నాడు కదా అన్న ధైర్యం అది.

మొదలుపెట్టింది. ఏడుగురు అన్నదమ్ములు, ఉప్పు మోసి అమ్ముకుని బతికేవాళ్ళు. వాళ్ళకొక్కతే చెల్లెలు. ఓ ఏడు ఉప్పు కోసం చిలికా అవతలికి వెళ్ళినవాళ్ళు మళ్ళీ రాలేదు. ఒడ్డున అడిగితే ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు. చెల్లెలు ఇంటికి గొళ్ళెం పెట్టి, తనే వెతకడానికి బయల్దేరింది. ఆవిడ గొంతు ఎత్తితే అంత హాలూ చిన్నదైపోయింది. ఇన్‌స్పెక్టరు గారు తెలుగువారు కాదు. అయినా కుర్చీలో ముందుకి జరిగి కూర్చున్నారు. నా పక్కన బెల్లం కొట్టు అబ్బాయి ఉపమాలంకారం వదిలేసి నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"పడవ ఒడ్డు ఒదిలింది," అని ఆగింది. వాళ్ళన్న జముకు ఒక్కసారి మీటాడు. జుం.

ఎవరూ ఊ అనలేదు.

ఆవిడ మా వరస మొత్తం చూసుకొచ్చింది. పంతులుగారు వెనక్కి తిరిగి, వేలు పెదవుల మీద పెట్టుకుని మమ్మల్ని హెచ్చరించారు. ఆవిడ మళ్ళీ అందుకుంది.

"ఒడ్డు మీదోలు సిన్నగైపోనారు. ఊరు సిన్నగైపోయింది. గుడి గోపురం సిటికెనేలంతయిపోయింది," అని ఆగింది. జుం.

ఈసారీ ఊ లేదు. ప్రిన్సిపాలు గారి మొహం వెలిగిపోతోంది. ఇంత క్రమశిక్షణ ఆయన మదరాసులో కూడా చూసి ఉండరు.

"నీటి మద్దికి ఎల్లీసరికి, పడవోడు తెడ్డు తీసి ఒడిలో ఎట్టుకున్నాడు. ఆ పిల్ల కేసి సూసేడు. సూసి, ఒక మాట అడిగేడు."

ఆగింది. ఈసారి నన్నే చూసింది. జముకు మోగలేదు. వాళ్ళన్న కూడా నన్నే చూస్తున్నాడు.

ఊ అనేది అసలు మాటే కాదు. పెదవులు సరిగ్గా తెరవక్కర్లేదు. పాలు తాగే పిల్లలు కూడా అంటారు. నా గొంతు వరకూ వచ్చింది. అక్కడ హాజరు అడ్డుపడింది, పరీక్ష అడ్డుపడింది. అవి నిజమే, కానీ వాటికంటే పెద్దది ఇంకోటి అడ్డుపడింది. ఆ ఏడుగురు బజారు పిల్లల ముందు, కటకం పెద్దమనిషి ముందు, కళ్ళంలో కూర్చుని కథ వినే పల్లెటూరివాడిలా ఊ అంటే నేనేమిటో తెలిసిపోతుంది. ఇంతా చేసి ఆ ఏడుగురూ నాయనమ్మల పక్కన ఊ కొడుతూ పెరిగినవాళ్ళే. మా తొమ్మిదిమందికీ ఆవిడ దేనికోసం ఆగిందో తెలుసు. తొమ్మిదిమందిమీ తలలు దించుకుని అలంకారాల గళ్ళలోకి చూశాం.

ఆవిడ కాసేపు నిలబడింది. తరవాత అన్న కేసి తల తిప్పింది. ఆయన జముకు నరం సడలించేశాడు. ఆవిడ పెద్దలకి దండం పెట్టి పక్కకి జరిగింది.

ఇన్‌స్పెక్టరు గారు లేచారు. మంచి మనిషి, నిజంగానే కంగారుపడ్డారు. ఆవిడ ఎందుకు ఆగిపోయింది, మంచినీళ్ళేమైనా కావాలా అని ఇంగ్లీషులో అడిగారు. ప్రిన్సిపాలు గారు పంతులుగారి కేసి చూశారు. పంతులుగారు కథ పోయింది, క్లాసు పోయింది, ఉద్యోగం పోయింది అన్నంత తెల్లబోయారు. అంతలో ఏం తోచిందో నిటారుగా నిలబడి ఇంగ్లీషులో అందుకున్నారు.

"మరిచిపోయిందండీ. పాపం, చదువులేని మనిషి. తమరు కళ్ళారా చూశారు. అక్షరం లేని విద్య ఇలాగే నడిమధ్య తెగిపోతుంది. దాన్ని నేర్చి, రాసి, నిలబెట్టడానికే మా తెలుగు తరగతి ఉండవలసిన అవసరం."

ఇన్‌స్పెక్టరు గారు తల పంకించి, జేబులోంచి కలం తీసి చాలాసేపు రాసుకున్నారు. మాకు అర్థమైపోయింది. క్లాసు నిలిచింది. బట్టల కొట్టు అబ్బాయి నోటుపుస్తకం కింద నా చెయ్యి నొక్కాడు.

పంతులుగారు అబద్ధమాడారని ఇప్పటికీ అనను. జన్మలో జముకుల కథ వినలేదు కాబట్టి ఆయనకి నిజంగానే తెలియదు. ఆయనకి ఆ సాకు ఉంది. నాకు లేదు. నేను లేచి, "మరిచిపోలేదండీ, మేము ఊ అనలేదు" అంటే సరిపోయేది. అప్పుడు క్లాసు ఎత్తేసేవారా? ఏమో. ఎత్తేసినా ఎత్తేసేవారు. ఆ "ఏమో" పట్టుకునే కూర్చుండిపోయాను.

ఇంగ్లీషు రాదు గనక ఆవిడకి ఆ మాటలు అర్థం కాలేదు. సాయంత్రం బండికి ఎక్కించడానికి నేనే వెళ్ళాను. స్టేషన్లో కూర్చున్నాక అడిగింది.

"పిల్లలందరికీ ఒక్కపాలే గొంతు పట్టీసిందేటి బాబూ?"

"రూలు అత్తా. నోరు మెదిపితే పరీక్షకి కూకోనివ్వరు."

"ఓ, రూలేటి," అంది. కాస్త తేలికపడింది. "రూలయితే మీరేటి సేత్తారు. ముందే సెప్పుంటే రాకపోదును. నీ సదువు నిలబడిందా మరి?"

నిలబడిందన్నాను. సంతోషించింది. ఇంటి దగ్గర అమ్మానాన్నలకి చెబుతానంది. నన్ను క్షమించడానికి ఆవిడకి రైలు వచ్చేంత సేపు కూడా పట్టలేదు. అక్కడితో ఆగి ఉంటే నేను ఈ కథ ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఆగలేదు. వ్యాసం రాయాలి కదా. పంతులుగారు మా అందరికీ ఒకటే విషయం ఇచ్చారు: "మౌఖిక విద్య, లిఖిత విద్య: నేను చూచిన ప్రదర్శన." తక్కిన ఎనిమిదిమందీ తలో రెండు పేజీలు గీకి పడేశారు. నేను పన్నెండు పేజీలు రాశాను. ఆవిడ మా ఊరి మనిషి కదా, నాకు తెలిసినంత ఎవరికి తెలుసు? ఆవిడ గొంతు గురించి రాశాను, జముకు గురించి రాశాను, చింతపండు పిక్కల గురించి రాశాను. ఆఖర్న పంతులుగారికి ఏది కావాలో అది రాశాను. "వయోభారము చేతను, అక్షరజ్ఞానము లేమి చేతను, ఆమె స్మృతి నడుమనే ఛిన్నమైపోయినది." ఛిన్నము అన్న మాట దొరికినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. రాసేటప్పుడు చెయ్యి వణికిందని చెప్పుకుంటే బాగుంటుంది. వణకలేదు. అక్షరాలు గుండ్రంగా వచ్చాయి.

నాకే మొదటి మార్కు. పంతులుగారు క్లాసులో చదివి వినిపించి, నా యాస ఇంత త్వరగా తొలగిపోతుందని అనుకోలేదన్నారు. ఎర్ర సిరాతో "ప్రశస్తము" అని రాసి ఇచ్చారు. దాన్ని భద్రంగా మా నాన్నకి పోస్టు చేశాను.

మా నాన్నకి కూడబలుక్కుని చదవడం వచ్చు. కొడుకు రాసిన పన్నెండు పేజీల మీద ఎర్ర సిరా మెప్పు చూసి ఆయన ఊరుకుంటాడా? అరుగు మీద కూర్చుని దారినపోయే ప్రతివాణ్ణీ పిలిచి వినిపించాడు. అర్థం కాని మాటలొస్తే బడిపంతులుని అడిగి తెలుసుకుని మరీ వినిపించాడు. చివరి వాక్యం అందరికీ బాగా అర్థమైంది. కాలేజీవాళ్ళు రాశారంటే అది నిజమే అయి ఉంటుంది. కథలావిడకి మతి తప్పుతోందట, బరంపురంలో పెద్దల ముందు కథ మధ్యలో మరిచిపోయిందట. మా ఊరి నుంచి ఆ మాట పక్క ఊరికి, అక్కడినుంచి ఇచ్ఛాపురం దాకా వెళ్ళింది.

ఎండాకాలం సెలవులకి ఇంటికి వచ్చాను. పొద్దు బారెడెక్కింది. మా లోగిట్లో చింతపండు పని జరుగుతోంది. పది పన్నెండుమంది ఆడవాళ్ళు రాళ్ళు ముందు పెట్టుకుని పిక్కలు కొడుతున్నారు. కథలావిడ ఎప్పుడూ కూర్చునే అరుగు ఖాళీగా ఉంది. ఆవిడ కింద, వరస చివర, అందరితోపాటు రాయి ముందు కూర్చుని పిక్కలు కొడుతోంది. ఎవరూ కథ చెప్పడం లేదు. రాళ్ళ చప్పుడే.

నన్ను చూసి మా నాన్న పొంగిపోయి ఆ కాగితాలు బయటికి తెచ్చాడు. "మావోడు రాసిందే. ఈడి నోటంటే ఇనండి," అన్నాడు.

నేను వద్దన్నాను. కాళ్ళు కడుక్కోవాలన్నాను. ఆకలేస్తోందన్నాను. ఆవిడ చేతిలో సుత్తికర్ర పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"సదువు బాబూ," అంది. "నా కోసమే కదా రాసేవు. నాను ఊ కొడతాను."

అందరూ పని ఆపారు. తప్పించుకోలేక చదవడం మొదలుపెట్టాను. ఒక వాక్యం అయ్యేసరికి ఆవిడ "ఊ" అంది. వేళాకోళం కాదు. కథ వినేవాళ్ళు ఎలా అంటారో అలాగే, ఎక్కడ అనాలో అక్కడే. నా గ్రాంథికం ఆవిడకి సగమైనా తెలిసి ఉండదు. అయినా ఒక్క వాక్యం కూడా వదలకుండా ఊ కొట్టింది. ఆ ఊ వెంబడి నా గొంతు దానంతట అదే సాగింది. అంత బాగా నేను జన్మలో ఎప్పుడూ చదవలేదు. పదకొండు పేజీలు అలా వెళ్ళిపోయాయి.

పన్నెండో పేజీలో ఆ వాక్యం దగ్గరికొచ్చాను.

"ఊ," అంది.

నేను చదవలేదు. గుండ్రటి అక్షరాలు ఎదురుగా ఉన్నాయి.

"ఊ," అంది మళ్ళీ. నా మొహంలోకే చూస్తోంది.

మా నాన్న, "సదవరా, అసలు ముక్క అదే కదా," అన్నాడు.

మూడోసారి కూడా ఊ అంది. అని, చాలాసేపు ఆగింది.

"ఏటి బాబూ, మద్దిలో ఆగిపోనావు? మర్సిపోనావేటి?"

ఎవరూ నవ్వలేదు. మా అమ్మ ముందుగా తల దించుకుంది. ఆవిడ వెనక్కి తిరిగి రాయి దగ్గరికి జరిగి కూర్చుంది.

తరవాత నేను బి.ఏ. పాసయ్యాను. పంతులుగారు వెళ్ళిపోయాక ఆ మూల గదిలోనే తెలుగు చెప్పే ఉద్యోగం నాకే వచ్చింది. మా తొమ్మిది నోటుపుస్తకాల్లోనూ ఆ ఉప్పువాళ్ళ కథ తెడ్డు ఒడిలో పెట్టుకునే దాకానే ఉంది. మౌఖిక విద్యని రాసి నిలబెడతామని ఇన్‌స్పెక్టరు గారికి మాటిచ్చిన క్లాసు అది. అందుకని ఉద్యోగంలో చేరిన ఏడాది కాగితం, కలం పట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్ళాను. వాళ్ళన్న అప్పటికి పోయాడు. జముకు దూలానికి వేలాడుతోంది. ఆవిడ గుమ్మంలో చింతపండు ముందేసుకుని కూర్చుంది.

"అత్తా, ఆ పడవోడు ఆ పిల్లని ఏమడిగాడు?" అన్నాను.

ఆవిడ నా చేతిలో కాగితాల కేసి చూసింది.

"నీ కాయితంలో లేదేటి బాబూ?" అని, ఇంకో పిక్క రాతి మీద పెట్టుకుంది.